పాత వస్తువులతో ఇల్లు అమర్చుకోవడం: ఏరుకోవడం నుంచి గోడకు బిగించడం దాకా

పాత తలుపు, రంగు వెలిసిన అల్మరా, మచ్చలు పడిన అద్దం, ఇత్తడి గొళ్ళెం. ఇలాంటివి ఇంట్లో ఉంటే బాగుండునని చాలామందికి ఉంటుంది. తెచ్చాక వ్యవహారం రెండు రకాలుగా చెడుతుంది. ఒకటి, అన్నీ ఒక చోట పోగుపడి గది గోదాములా తయారవుతుంది. రెండోది ఇంకా బాధ కలిగిస్తుంది: ఉత్సాహంగా సాండ్‌పేపర్ పట్టి గీకేసి, మెరిసే వార్నిష్ కొట్టి, ఏ పాతదనం చూసి ముచ్చటపడ్డారో దాన్నే తుడిచేస్తారు. అందుకే రెండు విషయాలు మొదటే గట్టిగా అనుకోండి. ఇంట్లోకి వచ్చే ప్రతి పాత వస్తువుకూ ఒక పని ఉండాలి. దాని మీద మన చెయ్యి వీలైనంత తక్కువ పడాలి. కింది అడుగులన్నీ ఈ రెంటి చుట్టూనే నడుస్తాయి.

మొదటి అడుగు: ముందు ఇంటిని కొలుచుకోండి

వస్తువు నచ్చాక చోటు వెతకడం మొదలుపెడితే చిక్కులే. ముందు ఒక నోటుబుక్కులో ప్రతి గదిలో ఖాళీ గోడల పొడవు, ఎత్తు, కిటికీ అంచు నేలకు ఎంత పైన ఉందో రాసుకోండి. చాలామంది మర్చిపోయే కొలతలు ఇంకొన్ని ఉన్నాయి: వీధి గుమ్మం వెడల్పు, మెట్ల మలుపు, లిఫ్టు లోపలి ఎత్తు. విడదీసే వీలున్న అల్మరా అయితే పర్లేదు. ఒకే ముక్కగా ఉన్నది మెట్ల మలుపు దగ్గరే ఆగిపోతుంది.

మనిషి సాఫీగా నడవడానికి 75 నుంచి 90 సెం.మీ. దారి వదలాలి. రాసుకునే బల్లయినా భోజనాల బల్లయినా 72 నుంచి 76 సెం.మీ. ఎత్తు, కుర్చీ సీటు 43 నుంచి 46 సెం.మీ. ఎత్తు ఉంటే ఒంటికి హాయి. పాత కుర్చీలు చాలాసార్లు ఈ లెక్కకు అందవు. పుచ్చిపోయిన కాళ్ల కొసలు ఎవరో ఎప్పుడో కోసేసి ఉంటారు. బల్ల పైభాగానికీ సీటుకూ మధ్య 25 నుంచి 30 సెం.మీ. ఎడం వస్తుందో లేదో కొనే చోటే చూసుకోవాలి.

తర్వాత ఒక్కో ఖాళీ పక్కన ఒక్కో పని రాయండి: ఇక్కడ చెప్పులు, ఇక్కడ పుస్తకాలు, ఈ మూల చదువుకోవడానికి దీపం. ఏ పనీ తోచని చోటును అలాగే వదిలేయండి. ఖాళీ గోడ వల్ల ఇంటికి లోటేమీ రాదు. పైగా చుట్టూ కాస్త చోటు ఉంటేనే పాత వస్తువు కంటికి ఆనుతుంది.

రెండో అడుగు: వెతుకులాట

కూల్చుతున్న ఇళ్లు, తుక్కు కొట్లు, పాత సామాన్ల దుకాణాలు, వేలంపాటలు, ఆన్‌లైన్ అమ్మకాలు. వీటన్నిటి కంటే ముందు బంధువుల ఇళ్లలోని అటకలు. అక్కడ దొరికే వస్తువు ఎవరిది, ఎన్నేళ్లది అని చెప్పేవాళ్లు పక్కనే ఉంటారు. ఆ సమాచారం ఏ దుకాణంలోనూ దొరకదు, కాబట్టి అడిగి రాసుకోండి.

కూల్చే చోటికి వెళ్తే యజమానినో కాంట్రాక్టరునో ముందే అడగాలి. పని మొదలయ్యాక వెళ్తే గునపం దెబ్బలు తిన్న చెక్కే మిగులుతుంది. తలుపు తీసుకుంటే ద్వారబంధం, బందులు, గొళ్ళెం అన్నీ కలిపి తీసుకోండి. ఏ రెక్క ఏ బంధానిదో సుద్దముక్కతో గుర్తు పెట్టుకోండి. పాత పనిలో ఏ రెండు రెక్కలూ అచ్చంగా ఒకే కొలతలో ఉండవు.

వెళ్లేటప్పుడు సంచిలో టేపు, టార్చి, చిన్న అయస్కాంతం, తెల్ల గుడ్డ, సన్నటి స్క్రూడ్రైవర్ ఉండాలి. ఇత్తడి అని చెప్పినదానికి అయస్కాంతం అంటుకుందంటే లోపల ఇనుము, పైన పూతే. తెల్ల గుడ్డతో తుడిస్తే మట్టి ఏదో, రాలుతున్న రంగు ఏదో తెలిసిపోతుంది. స్క్రూడ్రైవర్ కొసతో కాలి అడుగున మెల్లగా నొక్కితే గట్టి చెక్క ఆపుతుంది, కుళ్లిన చెక్కలో అది దిగిపోతుంది.

కొన్నిటిని మాత్రం ఎంత అందంగా ఉన్నా ముట్టుకోకండి. ఏనుగు దంతం, తాబేలు చిప్ప పొదిగిన వస్తువులు, ప్రార్థనాస్థలాల నుంచి ఊడదీసినట్టున్న విగ్రహాలు, శిల్పపు ముక్కలు ఆ కోవలోవి. అంతరించిపోయే జీవుల వ్యాపారంపై 1973లో కుదిరిన సైటిస్ ఒప్పందం, సాంస్కృతిక సంపద అక్రమ రవాణాపై 1970లో కుదిరిన యునెస్కో ఒప్పందం ఇలాంటివాటి గురించే. ఎక్కడి నుంచి వచ్చిందో అమ్మేవాళ్లు చెప్పలేకపోతే, లేదా చెప్పే కథ మారుతూ ఉంటే, అక్కడే పెట్టేసి రండి.

మూడో అడుగు: వస్తువును చదవడం

నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇది. ముందువైపు చూసి ఎవరూ ఏమీ తెలుసుకోలేరు. సొరుగు పూర్తిగా బయటికి లాగండి, బల్లను బోర్లించండి, అల్మరా వెనక్కి వెళ్లి టార్చి వేయండి. చేసినవాళ్ల చెయ్యి కనబడేది అక్కడే.

సొరుగు మూలలు చూడండి. వేళ్లు వేళ్లలోకి జొనిపినట్టు కోసిన డవ్‌టెయిల్ అతుకుల్లో ఒకటి సన్నగా, ఒకటి వెడల్పుగా, పక్కన గీత గీసిన గుర్తుతో ఉంటే అది చేతిపని. అన్నీ ఒకే కొలతలో ఉంటే యంత్రం కోసింది. చివరలు ఒకదానికొకటి ఆనించి అంటించి, రెండు మేకులు కొట్టి ఊరుకున్న సొరుగు పాతదే అయినా ఎక్కువకాలం నిలవదు. స్క్రూలు కూడా మాట్లాడతాయి. ప్లస్ గుర్తు తల ఉన్న ఫిలిప్స్ స్క్రూలు 1930ల నడిమి నుంచే వాడుకలోకి వచ్చాయి. అంతకంటే పాతదని చెప్పే వస్తువులో అవి కనిపిస్తే, మధ్యలో ఎవరో మరమ్మతు చేశారన్నా అయ్యుండాలి, చెప్పిన వయసన్నా తప్పయ్యుండాలి. రంపపు గాట్లు తిన్నగా, కాస్త అటూఇటూగా ఉంటే చేతిరంపం, వంపు తిరిగి ఉంటే గుండ్రటి రంపం.

గుండ్రటి బల్ల దొరికితే ఒక చిన్న పరీక్ష చేయవచ్చు. చెక్క ఏళ్లు గడిచేకొద్దీ నారకు అడ్డంగా కుదించుకుపోతుంది, నార పొడవునా దాదాపు మారదు. అందుకే నిజంగా పాతదైన బల్లను నార వెంట ఒకసారి, నారకు అడ్డంగా ఒకసారి కొలిస్తే కొన్ని మిల్లీమీటర్ల తేడా తేలుతుంది. వెనీర్, అంటే పలుచటి చెక్క పొర, పైన అంటించిన బల్లలో ఇది పనికిరాదు, అచ్చ చెక్కలోనే.

అరుగుదల ఎక్కడుందో చూడండి. కుర్చీ ముందు అడ్డకర్ర పాదాలు ఆనే చోట, సొరుగు కింది అంచు జారే చోట, తలుపు చెయ్యి పడే చోట అరగాలి. ఎవరి చెయ్యీ తగలని మూలల్లో కూడా సమానంగా అరుగుదల ఉంటే గీకి పాతగా చేశారన్నమాట. పురుగు బెజ్జాలు కూడా అంతే. డ్రిల్లుతో పెట్టినవి నిలువుగా తిన్నగా దిగుతాయి, పురుగు తొలిచిన దారి లోపల వంకరటింకరగా పోతుంది. ఆ దారులు పైకి కాలువల్లా తెరుచుకుని కనిపిస్తే, పుచ్చిన పాత చెక్కను మళ్లీ కోసి ఈ వస్తువు తయారు చేశారని అర్థం.

లోపాల్లో వేటికి సర్దుకుపోవచ్చో, వేటికి కూడదో తేల్చుకోవాలి. వదులైన కాళ్లు, పోయిన పిడి, నార వెంట పడిన పగులు, అంచు లేచిన వెనీర్, బిగుసుకున్న సొరుగు, ఇవన్నీ బాగయ్యేవే. మొత్తం చట్రం మెలితిరిగిపోయినా, కాళ్ల కొసలు మెత్తబడి కుళ్లినా, లోపలంతా బూజు వాసన పట్టేసినా ధర ఎంత తగ్గించినా వద్దు. వంపు తిరిగిన చోట వెనీర్ ముక్కలు ఊడిపోయి ఉంటే, చేయి తిరిగిన వడ్రంగి మీకు తెలిసి ఉంటేనే తీసుకోండి.

సరుకు రవాణా పాలెట్ల (సరుకు పేర్చే చెక్క పీటల) చెక్క వాడాలనుకునేవాళ్లు దాని మీది ముద్ర చదవాలి. హెచ్‌టీ అని ఉంటే చెక్క లోపలి దాకా 56 డిగ్రీల సెల్సియస్ వేడిని కనీసం 30 నిమిషాలు నిలిపి పురుగు చంపారని అర్థం. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించారు, అది ఇంట్లోకి వద్దు. ఏ ముద్రా లేనిది, ఏదో ఒలికి మరకలు పడ్డది కూడా వదిలేయడమే మేలు.

నాలుగో అడుగు: గుమ్మం బయటే ఆపి చూసేవి

తెచ్చిన వస్తువును ఆ రోజే గదిలో పెట్టాలని మనసు లాగుతుంది. కొన్ని వారాలు వరండాలోనో, వేరే గదిలోనో ఉంచండి. కింద నల్ల కాగితం పరిచి పెడితే, లోపల పుచ్చుపురుగు బతికుంటే మెత్తటి పిండి రాలి కాగితం మీద తెల్లగా కనిపిస్తుంది. బెజ్జాల అంచులు లేత రంగులో కొత్తగా ఉన్నాయా, నల్లబడి పాతగా ఉన్నాయా అన్నదీ గమనించండి. పాత బెజ్జాలు మాత్రమే ఉంటే భయపడక్కర్లేదు.

చిన్న వస్తువులకు ఫ్రీజర్ మంచి మందు. ప్లాస్టిక్ సంచిలో గాలి వీలైనంత తీసి మూతి బిగించి, మైనస్ 20 డిగ్రీల దగ్గర రెండు వారాలు ఉంచాలి. బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా సంచి విప్పకూడదు. విప్పితే చల్లటి వస్తువు మీద చెమ్మ కడుతుంది. పెద్ద వస్తువైతే పూత లేని లోపలి భాగాలకు బోరేట్ మందు పట్టించవచ్చు. వార్నిష్ మీద పూస్తే అది లోపలికి దిగదు. చెదలు కనిపించిన చెక్క మాత్రం మొత్తంగా వదిలేయండి.

ఇక పురుగు కంటే పెద్ద ప్రమాదం పాత రంగు. ఒకప్పటి రంగుల్లో సీసం కలిపేవారు. అమెరికాలో ఇళ్ల రంగుల్లో దాన్ని 1978లో నిషేధించారు, చాలా దేశాల్లో ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు గానీ కట్టడి రాలేదు. సీసానికి ఇంతవరకైతే ఏమీ కాదు అనదగ్గ మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, ముఖ్యంగా పిల్లల విషయంలో. కాబట్టి పాత రంగును పొడిగా గీకకండి, హీట్ గన్‌తో కాల్చకండి. గీకిన దుమ్ము, వేడికి లేచే పొగ రెండూ ఒంట్లోకి పోతాయి. రంగు గట్టిగా అంటుకుని ఉంటే తడిగుడ్డతో తుడిచి, పైన పారదర్శకమైన పూత వేసి అలాగే ఉంచవచ్చు. పొరలుగా రాలుతుంటే వాటర్‌ప్రూఫ్ సాండ్‌పేపర్‌తో తడిపి తడిపి రుద్దాలి. దుమ్మును ఆపే సరైన మాస్కు వేసుకుని, పిల్లలు దగ్గర లేనప్పుడు చేసి, ఆ బురదంతా తుడిచి మూటగట్టి విడిగా పారేయాలి. పిల్లల మంచం, ఆటబొమ్మలు, తిండి పెట్టే అరలు, వీటికి అనుమానం ఉన్న రంగు చెక్క అసలు వాడకండి.

అలాగే, చీకట్లో మెరిసే అంకెలున్న పాత గడియారాలు. 1960ల దాకా వాటిలో చాలావాటికి రేడియం కలిపిన రంగు వేసేవారు. ఇప్పుడు మెరవకపోయినా రేడియం పోలేదు. దాని అర్ధాయుష్షు సుమారు 1600 ఏళ్లు, పాడైపోయింది మెరుపునిచ్చే జింక్ సల్ఫైడ్ మాత్రమే. అలాంటిదాన్ని విప్పడం, గీకడం చేయకూడదు. పడకగదిలో పెట్టకపోవడమే మంచిది. పాత పింగాణీ గిన్నెలు, కూజాలు కూడా పూల కోసం, అలంకరణ కోసం ఉంచుకోండి. పైపూతలో సీసం ఉండవచ్చు కాబట్టి తిండికి, తాగడానికి వద్దు.

పాత దీపాలు ఎంత అందంగా ఉన్నా లోపలి వైరు మార్చకుండా ప్లగ్గు పెట్టకూడదు. గుడ్డ చుట్టిన వైరులో రబ్బరు ఎండి పెళుసుబారి ఉంటుంది, వంచితే రాలుతుంది. ఎలక్ట్రీషియన్ చేత కొత్త వైరు, కొత్త హోల్డరు వేయించండి. లోహపు దీపానికి మూడు తీగల వైరు వేసి ఎర్త్ ఇప్పించాలి. ఎల్ఈడీ బల్బు పెడితే వేడి తక్కువ కాబట్టి పాత షేడు కూడా చెడదు.

మూత పడగానే గొళ్ళెం దానంతటదే పడిపోయే పెట్టెల్లో పిల్లలు చిక్కుకుని ఊపిరాడక చనిపోయిన సంఘటనలు ఉన్నాయి. అలాంటి తాళం ఉంటే తీసేయండి. వెనకవైపు గాలి పోయే బెజ్జాలు పెట్టి, మూత నెమ్మదిగా దిగేలా పట్టి ఉంచే స్టే అనే ఊతకమ్మీ బిగించండి. ఈ పని అయ్యాకే పెట్టె ఇంట్లోకి.

ఐదో అడుగు: శుభ్రం చేయడం, ఎక్కడ ఆపాలో తెలుసుకోవడం

చెక్కతో మొదలుపెడదాం. ముందు మెత్తటి బ్రష్షుతో పొడి దుమ్ము దులపాలి. తర్వాత గోరువెచ్చటి నీళ్లలో రెండు మూడు చుక్కల సబ్బు వేసి, గుడ్డను ముంచి గట్టిగా పిండి తుడవాలి. వెంటనే పొడిగుడ్డ. చెక్క మీద నీళ్లు నిలవకూడదు, వెనీర్ అయితే మరీను. ఇంకా జిడ్డు ఉంటే టర్పెంటైన్ ముంచిన గుడ్డతో. ఏళ్ల తరబడి పేరుకున్న మైనం, పొగచూరు దీనికే వదులుతాయి. చాలా వస్తువులకు ఇక్కడితో పని అయిపోతుంది. నల్లటి జిడ్డు కింద చెక్క రంగు బయటపడినప్పుడు, అబ్బ, ఇదా అసలు రూపు అనిపిస్తుంది. ఆ క్షణంలో ఆగడం నేర్చుకోవాలి.

ఇంకా ముందుకెళ్లాలంటే పైన ఉన్న పూత ఏమిటో తెలియాలి. కనబడని చోట దూదితో స్పిరిట్ (ఆల్కహాల్) రాయండి. పూత మెత్తబడి జిగటగా అయితే అది లక్క నుంచి తీసే షెల్లాక్. స్పిరిట్‌కు కరగక లాకర్ థిన్నర్‌కు కరిగితే లాకర్ అనే త్వరగా ఆరే పూత. రెంటికీ కదలకపోతే నూనె వార్నిష్ గానీ, తర్వాతి కాలపు పాలీయురేథేన్ గానీ. షెల్లాక్ అని తేలితే మీ అదృష్టం. కొత్త షెల్లాక్ పాతదాన్ని కాస్త కరిగించుకుని అందులో కలిసిపోతుంది కాబట్టి, గీకకుండానే పలుచగా మరో చేయి వేసి పూతను బతికించవచ్చు. చిన్న గీతలకూ, వెలిసిన మచ్చలకూ ఇది చాలు.

వేడి గ్లాసు పెట్టిన తెల్ల చక్రం పూతలో చిక్కిన తేమ. స్పిరిట్ చుక్కతో దాదాపు పొడిగా ఉన్న గుడ్డను దాని మీద చాలా తేలికగా, ఆపకుండా లాగితే వదులుతుంది. నల్ల మచ్చ అయితే నీళ్లు చెక్కలోకే దిగాయి, అది మామూలుగా పోదు. నా మాట వింటే దాన్ని పోగొట్టడానికి ప్రయత్నించకండి. బల్లకు అదొక గుర్తు. పైన దీపమో, పుస్తకమో పెట్టినా సరిపోతుంది.

పూత మొత్తం పొట్టులేచి, వెనీర్ అతుకులబొంతలా ఉన్న సాదా వస్తువుకు రంగు వేయడంలో తప్పులేదు. మంచి చెక్క మీద, బతికున్న పూత మీద మాత్రం రంగు వేయవద్దు. తర్వాత తీయాలంటే నారలోంచి పూర్తిగా రాదు. కొత్త వస్తువును గొలుసుతో కొట్టి, మూలలు గీకి పాతగా చేయడం నాకు అస్సలు నచ్చదు. నిజంగా పాతవి ఇన్ని తుక్కులోకి పోతుంటే ఆ అవసరమేముంది?

అవిసె నూనె వాడేవాళ్లకు ఒక గట్టి హెచ్చరిక. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుట్టిస్తుంది. నూనె గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేస్తే వాటంతట అవే అంటుకుంటాయి. బయట ఒక్కొక్కటిగా పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్లు పోసిన లోహపు డబ్బాలో వేసి మూత పెట్టండి.

ఇత్తడి, రాగి వస్తువులకు లాకర్ పూత ఉంటే పాలిష్ పెట్టకండి, సబ్బు నీళ్లు చాలు. పూత లేనివాటిని మెరిపించాలా, గోధుమ రంగులోనే ఉంచాలా అన్నది మీ ఇష్టం. నేనైతే తలుపు పిడుల్లాంటివాటిని అలాగే ఉంచుతాను. చెయ్యి పడే చోట మెరుస్తూ, మిగతా చోట ముదురుగా ఉండటమే వాటి అందం. పచ్చటి చిలుమును మాత్రం తీసేయాలి. పులుపులో గంటలకొద్దీ నానబెడితే ఇత్తడిలోని జింకు కరిగిపోయి ఎర్రటి మచ్చలు తేలతాయి, కాబట్టి త్వరగా కడిగేయండి.

తుప్పు పట్టిన ఇనుప బందులు, గడియలు, కొక్కేలను వెనిగర్‌లోనో సిట్రిక్ యాసిడ్ కలిపిన నీళ్లలోనో రాత్రంతా ఉంచి తీగ బ్రష్షుతో రుద్దాలి. తర్వాత వంటసోడా నీళ్లలో కడిగి వెంటనే వేడిగా ఆరబెట్టి మైనం రాయాలి. ఆలస్యం చేస్తే కళ్లముందే మళ్లీ ఎర్రబడుతుంది. జింకు పూసిన బకెట్లకు, ఎనామిల్ గిన్నెలకు ఈ పద్ధతి వద్దు. ఆమ్లం జింకును తినేస్తుంది, ఎనామిల్ మెరుపు చెడగొడుతుంది.

అద్దం మీదికి నేరుగా ద్రవం చల్లకండి. అంచుల్లోంచి వెనక్కి పాకి వెండి పూతను నల్లబరుస్తుంది. గుడ్డను తడిపి తుడవండి. 1835లో లీబిగ్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త గాజుకు వెండి పూసే పద్ధతి కనిపెట్టకముందు అద్దాలకు తగరం, పాదరసం కలిపి పూసేవారు. బాగా పాత అద్దం వెనక సన్నటి వెండి బొట్లు కనిపిస్తే అది పాదరసం. చేత్తో ముట్టకుండా తెలిసినవాళ్లకు చూపించండి. కిటికీ గాజులో అలలు, గాలి బుడగలు ఉంటే దాన్ని పారేయకండి. కరిగిన తగరం మీద తేలించి చదునైన గాజు చేసే పద్ధతిని పిల్కింగ్టన్ సంస్థ 1959లో ప్రకటించింది. అంతకుముందు గాజు ఊదడం, లాగడం వల్లే ఆ అలలు వచ్చేవి. గాజు ఏళ్ల తరబడి కిందికి జారి అలా అయిందన్నది నిజం కాదు. ఆ గాజులోంచి పడే ఎండ నేల మీద కదిలినట్టుంటుంది, చూస్తే వదలబుద్ధి కాదు. పగిలితే మాత్రం కత్తుల్లాంటి ముక్కలవుతుంది. కిందికి, పిల్లలకు అందేలా వాడితే వెనక సేఫ్టీ ఫిల్మ్ అంటించాలి.

పాత గుడ్డల సంగతి క్లుప్తంగా: ఒక మూల తడి తెల్లగుడ్డతో అద్ది రంగు దిగుతుందో లేదో చూశాకే చన్నీళ్లలో ఉతకండి. ముట్టుకుంటే చిరిగే పట్టును ఉతకవద్దు, చట్రంలో పెట్టండి.

ఆరో అడుగు: తిరిగి బిగించుకోవడం

పాత కుర్చీలు, బల్లలు చాలావాటిని జంతువుల చర్మం, ఎముకల నుంచి కాచిన జిగురుతో అతికించారు. అది వేడికీ తేమకూ మెత్తబడుతుంది. అదే దాని గొప్పతనం, ఎన్నిసార్లయినా విప్పి మళ్లీ అతికించవచ్చు. మామూలు తెల్ల జిగురు వాడాలంటే పాత జిగురును చెక్క కనబడేదాకా గీకాలి, పైన పూస్తే పట్టదు. వదులైన అతుకులో మేకు కొట్టకండి. ఆ మేకు దగ్గరే తర్వాత చెక్క చీలుతుంది. విప్పి, శుభ్రం చేసి, జిగురు పెట్టి, క్లాంపుతోనో తాడు మెలిపెట్టో ఒకరోజు బిగించి ఉంచండి.

బిగుసుకున్న సొరుగు అంచుకు కొవ్వొత్తి రుద్దితే చాలాసార్లు జారుతుంది. కాస్త వాసన పట్టిన అల్మరాను నీడలో గాలికి పెట్టి, లోపల బొగ్గు ఉంచి చూడండి. పోకపోతే లోపలి చెక్కకు షెల్లాక్ ఒక చేయి వేస్తే వాసన లోపలే ఆగిపోతుంది. పోయిన పిడికి జత దొరక్కపోతే అన్నీ మార్చేయాలనుకోకండి. దగ్గరగా ఉన్నదాన్ని కింది సొరుగుకు మార్చి, మంచివి పైకి తెచ్చుకోండి.

ఏడో అడుగు: కొత్త పని అప్పగించడం

పాత తలుపును బల్ల చేయడం అందరూ చేసేదే, కానీ కొలతలు తప్పితే కూర్చోలేం. బరువైన తలుపును రెండు కర్ర స్టాండ్ల మీదనో, ఇనుప కాళ్ల మీదనో పెట్టి పైఎత్తు 75 సెం.మీ. దగ్గరికి తెచ్చుకోండి. తలుపు మందం పోగా మోకాళ్లకు 60 సెం.మీ. పైచిలుకు ఉండేలా చూసుకోవాలి. చెక్కుడు పని, పలకలు ఉన్న తలుపు మీద రాయడం, గ్లాసు పెట్టడం కుదరదు కాబట్టి పైన టఫెన్డ్ (గట్టిపరిచిన) గాజు 8 నుంచి 10 మి.మీ. మందంతో వేయించాలి. కింద చిన్న రబ్బరు బిళ్లలు పెడితే గాజు జారదు. బందులు, గొళ్ళెం తీసేయకండి. అవి ఉంటేనే అది తలుపని తెలుస్తుంది.

కిటికీ చట్రంలో అద్దం పెట్టించి ఇరుకైన నడవలో తగిలిస్తే వెలుతురు రెట్టింపయినట్టుంటుంది. కిటికీకి ఎదురుగా పెడితే ఇంకా మేలు. విడి సొరుగులను పక్కకు తిప్పి గోడకు బిగిస్తే పుస్తకాల అర. పాత దూలం ముక్కను అరగా వాడేముందు లోపలి మేకులన్నీ అయస్కాంతంతో వెతికి పీకాలి, లేకపోతే రంపం పళ్లు పోతాయి. కోసిన చెక్కను వాడే గదిలోనే రెండు వారాలైనా ఉంచి, గదిలోని తేమకు అలవాటు పడ్డాక బిగిస్తే తర్వాత మెలితిరగదు.

పాత ఫొటోలు, ఉత్తరాలు గోడకు పెట్టాలనుకుంటే అసలువి దాచి, నకలు పెట్టండి. ఎండ తగిలిన కాగితం కోలుకోదు. అసలుదే పెట్టాలంటే ఆమ్లం లేని మౌంటు (చుట్టూ పెట్టే అట్ట) వాడి, కాగితం గాజుకు తగలకుండా ఎడం ఉంచాలి.

ఎనిమిదో అడుగు: గదిలో కుదర్చడం

గదికి ఒక పెద్ద పాత వస్తువు. అదే గదికి ఇంటిపెద్ద అన్నట్టు ఉండనివ్వండి. మిగతావి చిన్నవి, కొన్ని కొత్తవి. అల్మరా, బల్ల, కుర్చీలు, దీపాలు అన్నీ ఒకే కాలానివైతే మనం వాటి మధ్య అతిథుల్లా ఉంటాం. సాదా కొత్త సోఫా పక్కన పాత పెట్టె బాగా రాణిస్తుంది.

వేరు వేరు కాలాలవి కలవాలంటే ఒక దారం కావాలి. అది లోహం కావచ్చు, చెక్క రంగు కావచ్చు. పిడుల ఇత్తడి దీపం కాడలో, పటం చట్రంలో మళ్లీ కనిపిస్తే గది మొత్తం ఒకటిగా అనిపిస్తుంది. జత కలవని కుర్చీలు నాలుగుంటే సీట్లన్నిటికీ ఒకే గుడ్డ వేయించండి. చిన్న చిన్న వస్తువులను గదంతా చల్లకుండా ఒకే అరలో చేర్చి, మధ్యలో ఖాళీ వదలండి. పటాలు నిలబడ్డ మనిషి కంటికి అందేలా, నడిమి భాగం నేలకు 145 నుంచి 150 సెం.మీ. ఎత్తులో రావాలి. గోడంతా పటాలు పెట్టాలంటే ముందు నేల మీద పరిచి చూసుకుని, కాగితాలు కత్తిరించి గోడకు అంటించి, ఆ తర్వాతే మేకు కొట్టండి.

పాత చెక్కకూ ఇత్తడికీ తెల్లటి ట్యూబులైటు గిట్టదు. 2700 కెల్విన్ దగ్గరి పసుపు వెలుతురు, అదీ పక్కనుంచి పడేలా పెడితే చేతిపని గాట్లు, నారలు కనిపిస్తాయి.

బిగింపు, ఆ తర్వాతి సంరక్షణ

ఎత్తైన అల్మరాలు, సొరుగుల బీరువాలు గోడకు బిగించి తీరాలి. సొరుగులన్నీ ఒకేసారి లాగితేనో, పిల్లలు ఎక్కితేనో ముందుకు పడిపోతాయి. వెనకవైపు పైన రెండు చోట్ల ఎల్ ఆకారపు పట్టీలు చాలు, బయటికి కనిపించవు. బరువైన అద్దాన్ని ఒక్క మేకుకు తాడుతో వేలాడదీయకండి. ఒక చెక్కపట్టీని 45 డిగ్రీల వాలుగా నిలువునా కోసి, ఒక సగం గోడకు, ఒక సగం అద్దం చట్రానికి బిగిస్తే ఒకదానిలో ఒకటి కూర్చుంటాయి. బరువు పట్టీ పొడవునా పంచుకుంటుంది. గోడ ఇటుకదా, బోలుదా చూసి దానికి తగిన ప్లగ్గులు వాడాలి.

కాళ్ల కింద ఫెల్టు ముక్కలు అంటించండి. తడి తుడుపు పెట్టే నేల అయితే ఫెల్టుకు బదులు రబ్బరు. నేరుగా ఎండ, ఏసీ గాలి తగిలే చోట వెనీర్ వస్తువు పెట్టకండి. ఏడాదికోసారి పలుచగా మైనం రాసి మెత్తటి గుడ్డతో రుద్దితే చాలు, ప్రతివారం ఫర్నిచర్ స్ప్రే అక్కర్లేదు. తేమ ఎక్కువగా ఉండే కాలంలో నెలకోసారి అల్మరా వెనక, కాళ్ల కింద టార్చి వేసి పిండి రాలిందేమో చూడండి. ఏ వస్తువు ఎక్కడ దొరికింది, ఎవరిచ్చారు, మీరేం మార్చారు, ఏ పూత వేశారు అని ఒక చీటీ మీద రాసి సొరుగు అడుగున అంటించండి. మళ్లీ మరమ్మతు చేసేవాళ్లకు ఏది కరిగించాలో, ఏది ముట్టకూడదో దాంతో తెలుస్తుంది.